గీత తరవాత

చీమకుర్తిలో చీకటిని
చదరపు అడుగు ఇంతని అమ్ముతాం.
నల్లరాయి, లోపల బంగారు చుక్కలు.
గెలాక్సీ అంటారు దాన్ని.
సోడా కొట్టు అంకయ్య కూడా అంటాడు,
"గెలాక్సీ లోడు పోయిందా అన్నా" అని,
మిరపకాయల లోడు అన్నంత తేలిగ్గా.

నాది మార్కింగు పని, రాత్రి డ్యూటీ.
తడిపలక మీద లైటు పడగానే చుక్కలు లేస్తాయి.
జానెడు జాగాలో ఎన్ని, ఎట్టా పరుచుకున్నాయి,
తెల్లచార ఎక్కడన్నా దూరిందా,
వేలితో తడిమి చూస్తాను.
చార కనపడితే ఎర్రపెయింటుతో అడ్డంగా కొట్టేయడమే.
ఇరవై రెండేళ్ళలో
ఎన్ని ఆకాశాలు పనికిరావని పక్కన పెట్టించానో
లెక్క నా దగ్గర లేదు.

యలమంద ఒకప్పుడు రామతీర్థం క్వారీలో డ్రిల్లరు.
ఊపిరితిత్తుల్లో దుమ్ము చేరాక
మా గేటు దగ్గర కుర్చీ ఇచ్చారు.
"దిగేకొద్దీ రాయేరా" అంటాడు.
"మా నాయన గడ్డపారతో దిగాడు, నేను మిషనుతో దిగా.
దీనికి మొదలూ లేదు, అడుగూ లేదు."
అని దగ్గుతాడు.
ఆ దగ్గుకీ అడుగు లేదు.

క్రేను మస్తాను ఒప్పుకోడు.
"లీజు కాయితంలో ఏళ్ళు రాసుండాయి మావా,
అయిపోయే రోజు ఆఫీసులో తెలుసు,
మనకే చెప్పరు."

ఆ సంగతి అట్టా ఉండగా
పోలేరమ్మ తిరునాళ్ళ మర్నాడు
సువార్తమ్మ టీచరు ఆటో దిగింది.
మాకందరికీ భౌతికశాస్త్రం చెప్పిన మనిషి.
భర్త దైవాశీర్వాదం గారి సమాధికి పలక కావాలి.
ఒకే పలక, ఇద్దరి పేర్లూ.
ఆయనకి రెండు తేదీలు.
తనకి పుట్టిన తేదీ, పక్కన చిన్న గీత.
"గీత తరవాత ఖాళీ వదులు" అంది,
కూరలో ఉప్పు తగ్గించమన్నట్టు.

యలమంద ఊరుకోడు కదా.
"అమ్మా, ఈ లోకమంతా ఎప్పటికైనా అయిపోద్దా,
ఇట్టానే ఉంటదా?"

ఆమె బ్లాకు అంచున కూర్చుని
చెప్పులోని రాయిముక్క దులిపింది.
"నేను చదివినప్పుడు,
అంతా మళ్ళీ ముద్దగా కూలుతుందన్నారు.
తరవాత కాదు, విడిపోతూనే ఉంటుందన్నారు.
చుక్క తరవాత చుక్క ఆరిపోయి
చలి ఒక్కటే మిగులుతుందన్నారు.
పిల్లలు ఏది రాసినా మార్కులేశాను."
కాసేపాగి,
"పుట్టిన తేదీ అయితే దొరికింది,
పదమూడు వందల ఎనభై కోట్ల ఏళ్ళు, అటూ ఇటుగా.
గీత కూడా గీశారు" అంది.
అంతే.
అడ్వాన్సు ఇచ్చి, రసీదు అడిగి తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ రాత్రి చెక్కుడు నేనే దగ్గరుండి చేయించాను.
ఒక్కో అంకెకి
రెండో మూడో చుక్కలు పొడిగా రాలి
నీళ్ళతోపాటు కాలవలోకి పోయినయ్.
ఇన్నేళ్ళూ చూస్తూనే ఉన్నా,
అప్పటిదాకా చూడలేదు.
తేదీ రాయాలంటే
కొంత ఆకాశం పోవాల్సిందే.

ఖాళీ జాగా దగ్గర మిషను ఆపారు.
నాలుగు వేళ్ళ వెడల్పు.
అక్కడ చుక్కలు ఎక్కువున్నాయి,
అట్టా పడింది, నేను కావాలని ఎంచింది కాదు.
(కావాలనే ఎంచానని మస్తాను అంటాడు.)

ఇంటికి పోతూ పాత గుంట దగ్గర బండి ఆపాను.
తవ్వి వదిలేసిన చోటు, నిండా వాననీళ్ళు.
లోపల చుక్కలు.
రాయిలోవా, పైవా
నిద్రకళ్ళకి తెలియలేదు.
గులకరాయి ఒకటి తీసుకున్నాను,
వేస్తే లోతు తెలుస్తుందేమోనని.

ఇంకా జేబులోనే ఉంది.
పలక మాత్రం మూడోనాడే ఒంగోలు పోయింది.
బిల్లులో మా గుమస్తా రాశాడు:
"అక్షరాలు ఇన్ని, అంకెలు ఇన్ని,
ఒక తేదీ బాకీ."